మూతమట్టి

పాట పాడేవాణ్ణి కదిపితే ముందు తన గురువు పేరు, ఆ గురువుకు గురువు పేరు చెప్పిగానీ గొంతు విప్పడు. కుస్తీ పట్టేవాళ్లూ అంతే. కాళ్లు అరిగేలా తిరిగిన ఇన్నేళ్లలో నాకు తెలిసిందేమిటంటే, శాస్త్రవేత్తలకూ అలాంటి వంశాలుంటాయి. కాకపోతే వాళ్లు పైకి చెప్పుకోరు. ఆ వంశం వాళ్ల చేతుల్లో ఉంటుంది. ఒక మనిషి గాజు సీసాను వెలుతురుకెత్తి చూసే తీరును బట్టి, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో తెలిసినవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. రక్తసంబంధంలో ముక్కూ చెవులూ దిగివచ్చినట్టు, ఈ సంబంధంలో అలవాట్లు దిగివస్తాయి. అందులో ఏది వరమో ఏది జబ్బో వెంటనే తెలియదు.

నేను చెప్పబోయే మనిషిని ఆ పట్నంలో అందరూ బొరియల మేడం అనేవారు. నేల తొలుచుకుని బతికే ఎలుకల మీద, అవి తవ్విపోసిన మట్టిదిబ్బల మీద మొలిచే మొక్కల మీద ఆమె పరిశోధన. ఆమె భర్తకు కళ్లద్దాల దుకాణం ఉంది. ఆ దుకాణం పైన ఉన్న గదిలో నేను కొంతకాలం అద్దెకున్నాను. దిగిన రోజే ఆయన నాకు ఇంటి పరిస్థితి వివరించాడు.

"మా ఆవిడకి నాతో రెండో పెళ్లండీ. మొదటిది ఎలుకలతో ఎప్పుడో అయిపోయింది."

లోపలి గదిలోంచి ఆమె గొంతు వినపడింది. "వాటికి నోరు తక్కువ. అందుకే నిలబడింది ఆ సంబంధం."

చిన్నప్పటినుంచీ ఆమె పిరికిది. ఈ మాట నాది కాదు, తనే నవ్వుతూ చెప్పుకునేది. ఉరిమితే మంచం కిందికి దూరేదట, కుక్క మొరిగితే అమ్మ వెనక్కి. బడిలో జవాబు తెలిసి కూడా లేచి చెప్పలేక దెబ్బలు తిన్నదట. కాలేజీలో ఉండగా ఒకసారి మాస్టారు పిల్లలందరినీ పట్నానికి దూరంగా ఉన్న గడ్డి మైదానానికి తీసుకెళ్లారు. తక్కినవాళ్లు పువ్వులు కోస్తూ, ఫొటోలు దిగుతూ ఉంటే ఈమె ఒక దిబ్బ మీద వెనక్కాళ్ల మీద నిటారుగా నిలబడ్డ జంతువును చూసింది. అరచేతిలో పట్టేంత ఒళ్లు, ఇసుకరంగు, తోక చివర నల్లటి కుచ్చు. ముందుకాళ్లు రొమ్ముకు ఆనించుకుని ఆకాశంలోకి చూస్తోంది. ఒళ్లంతా గుండె అయిపోయినట్టు దడదడలాడుతోంది. "ప్రపంచంలో నాకన్నా ఎక్కువ భయపడేది ఒకటుందని తెలిశాక ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను" అనేది ఆమె.

ఆ ఎలుకలు వంతులవారీగా కాపలా కాస్తాయి. గద్ద నీడ కనిపిస్తే కాపలా ఎలుక సన్నగా ఈల వేస్తుంది. అంతే, కళ్లు మూసి తెరిచేలోగా మైదానం ఖాళీ. తిండి వెతుక్కుంటూ ఏ ఎలుకా తన బొరియకు మరీ దూరం పోదు. పరిగెత్తుకొచ్చి దూరగలిగినంత దూరమే మేస్తుంది. అందువల్ల ప్రతి దిబ్బ చుట్టూ గడ్డి గుండ్రంగా, పొట్టిగా కత్తిరించినట్టు ఉంటుంది. ఆమె డాక్టరేటు పుచ్చుకుంది ఈ గుండ్రాల మీదే. భయానికి ఇంత కచ్చితమైన కొలత ఉంటుందని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. భయం జబ్బు కాదని, కన్నూ చెవీ లాగా అదీ ఒక అవయవమేనని ఆమె వాదన. నా చిన్నప్పుడు ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే సైన్యంలో చేరి పారిపోయి వచ్చేవాణ్ణి కాను. సరే, అది వేరే కథ.

ఇక వంశం సంగతి. ఆ మైదానాన్ని మొదట పట్టించుకున్నది మాస్టారికి మాస్టారు. ఆయన పోయి చాలాకాలమైంది. శిష్యులంతా ఆయన్ని తాతగారు అనేవారు. ఎలుకలు మొక్కలకు శత్రువులని లోకమంతా అంటున్న రోజుల్లో, కాదు, అవి మొక్కలకు తోటమాలులని ఆయన అన్నాడు. ఆ మైదానంలో నీలితీగ అనే ఒక పాకుడు మొక్క ఉంది. దాని వేళ్లు నేలను గట్టిగా పట్టుకుని కోత పడనివ్వవు, మేతకూ మహా ఇష్టమైన మొక్క. అది ఎలుకలున్న దిబ్బల మీదే గుబురుగా మొలుస్తుందని, ఎలుకలు వదిలేసిన దిబ్బల మీద మొలవదని తాతగారు గమనించాడు. మాస్టారు ఏళ్ల తరబడి దిబ్బలు లెక్కపెట్టి దాన్ని నిరూపించాడు. "తాతగారు అన్నారు, మాస్టారు నిరూపించారు, నేను కాపలా కాస్తున్నాను" అనేది బొరియల మేడం.

ఎలుకలు ఏ దిబ్బలో ఉన్నాయో, ఏ దిబ్బ వదిలేశాయో తెలుసుకోవడానికి ఈ వంశానికి ఒక పద్ధతి ఉంది. సాయంత్రం బొరియ నోటికి మట్టితో మూత వేస్తారు. లోపల ఎలుక ఉంటే తెల్లారేసరికి ఆ మట్టిని బయటికి తోసిపారేస్తుంది. అది బతుకుదిబ్బ. మూత మూతలాగే ఉంటే చచ్చినదిబ్బ. మైదానం మట్టి గరుకు, పొడిపొడిగా బొరియలోకి జారిపోతుంది. అందుకని తాతగారు ఏటి ఒడ్డునుంచి మెత్తటి నల్లమట్టి బస్తాకెత్తి తెచ్చేవాడు. మాస్టారూ అలాగే తెచ్చాడు. ఆమె కూడా. మూత వేశాక అరచేత్తో రెండుసార్లు తట్టడం తాతగారి అలవాటు. ఎందుకు తట్టేవాడో ఎవరికీ తెలియదు, అందరూ తడతారు. వేరే విశ్వవిద్యాలయాల వాళ్లు సభల్లో వీళ్లను చూసి, అదిగో మూత ఇంటివాళ్లొచ్చారని ఎగతాళి చేసేవారు. వీళ్లకు ఆ ఇంటిపేరు ముచ్చటగానే ఉండేది.

నేనున్న ఏడాది ఒక ముప్పు వచ్చిపడింది. ఎలుకలు మేతబీడును నాశనం చేస్తున్నాయని, మైదానమంతా విషపు గింజలు చల్లాలని పశుగ్రాస శాఖ తీర్మానించింది. ఇంతకుముందు కూడా అన్నారట. ప్రతిసారీ మాస్టారు వెళ్లి, ఎలుకలు పోతే నీలితీగ పోతుంది, నీలితీగ పోతే నేల కొట్టుకుపోతుంది, మేతా ఉండదు, మట్టీ ఉండదు అని చెప్పి ఆపేవాడు. ఈసారి ఆయన స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగి మంచం మీదున్నాడు. వానలు వెళ్లాక జరిగే సమావేశానికి ఆమే వెళ్లి చెప్పాలి. ఆమె మాట నిలబడితే ఎలుకలు బతుకుతాయి. నిలబడకపోతే మైదానం మొత్తం శ్మశానం. నలుగురిలో మాట్లాడాలంటేనే చెమటలు పట్టే మనిషి. అద్దం ముందు సాధన చేస్తుంటే భర్త ప్రేక్షకుడిగా కూర్చుని దగ్గేవాడు. "అధికారులు దగ్గుతారు. అలవాటు చేసుకో" అనేవాడు.

అప్పటిదాకా అది మామూలు భయం.

ఆ వానల్లో విశ్వవిద్యాలయం జీపు చెడింది. మామూలుగా ఆమె మైదానానికి తారురోడ్డు మీదుగా అటువైపు నుంచి వెళ్లేది. ఆ పొద్దున బస్సు దిగి, ఏటి ఒడ్డునుంచి మైదానంలోకి వెళ్లే కాలిబాట పట్టింది. వాన వెలిసి ఎండ కాస్తోంది. కొంతదూరం నడిచాక ఆమెకు కాలిబాట పక్కన నీలితీగ కనిపించింది. ముచ్చటపడి వంగి చూసింది. ఇంకాస్త ముందుకెళ్తే మరొకటి. ఆ తర్వాత ఇంకొకటి. తలెత్తి చూస్తే ఏటి దగ్గర్నుంచి దిబ్బల దాకా దారిపొడుగునా సన్నటి నీలం చార, ఎవరో దారం వదులుతూ నడిచినట్టు. ఆ దారిలో ఒక్క బొరియ లేదు, ఒక్క దిబ్బ లేదు.

ఆమె అక్కడే నిలబడిపోయింది. నిరుడు మట్టి కోసం ఏటికి వచ్చినప్పుడు తను బస్తా ఈడ్చుకుంటూ నడిచింది ఈ దారినే. బస్తాకు మూల దగ్గర చిల్లు పడింది. కుట్టి పెట్టనా అని భర్త అడిగితే, మట్టే కదా, పోతే పోనీ అని తనే అంది.

మోకాళ్ల మీద కూర్చుని ఒక మొక్క మొదట్లో వేలితో తవ్విందట. మైదానం మట్టి ఎర్రగా ఉంటుంది. వేలికి నల్లమట్టి అంటింది. ఇంకో మొక్క కింద చూసింది. అక్కడా నలుపే. అప్పుడు ఆమె చేసిన పని ఏమిటంటే, ముందు చుట్టూ చూసింది, ఎవరైనా ఉన్నారేమోనని. తర్వాత ఆ మొక్కను పెరికి సంచీలో దాచుకుంది. రెండోదీ పెరికింది. మూడోదాని మీద చెయ్యి వేశాక తనేం చేస్తోందో తనకే తెలిసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

సంగతి ఇదీ. నీలితీగ విత్తనాలు ఏటి ఒడ్డు మట్టిలో ఉన్నాయి. మూత ఇంటివాళ్లు ఆ మట్టిని తెచ్చి బొరియల నోట్లో పెట్టారు. బతుకుదిబ్బల్లో ఎలుక ఆ మట్టిని బయటికి తోసి దిబ్బంతా చిమ్మింది, విత్తనాలు మొలిచాయి. చచ్చినదిబ్బల్లో మూత కదలలేదు, విత్తనం లోపలే కుళ్లింది. ఎలుకలున్న చోట మొక్క ఉంది, లేని చోట లేదు. లెక్క ఎప్పుడు వేసినా సరిగ్గా సరిపోయింది. సరిపోదా మరి? మూడు తరాలుగా ఆ తోటకు మాలులు వీళ్లే.

ఇంకా ఒక్క ఆశ మిగిలింది. ఆమె సాయంత్రం దాకా నడిచి మైదానం అటు చివరికి వెళ్లింది. ఈ వంశంలో ఎవరూ ఎన్నడూ మూతలు వేయనంత దూరం. అక్కడ దిబ్బల మీద ఎలుకలు దర్జాగా నిలబడి ఉన్నాయి. ఈలలు వేశాయి. దూకాయి. ఎటు చూసినా ఎలుకలే. నీలం పువ్వు ఒక్కటంటే ఒక్కటి లేదు. అటువైపు మొక్క పలచనని మాస్టారి పుస్తకాల్లోనూ ఉంది. గొర్రెలు మేసేస్తాయి అని కారణం కూడా రాసి ఉంది. కారణాలకు మనిషి దగ్గర ఎప్పుడూ కరువుండదు. నేను చదివిన గొప్ప గొప్ప పుస్తకాల్లో సగం, ఇలా తెలివైనవాళ్లు ఏరి తెచ్చుకున్న కారణాలేనని ఇప్పుడనిపిస్తుంది.

ఆ రోజునుంచి ఆమె ఇంట్లో మసిలే తీరే మారిపోయింది. ఫోను మోగితే ఉలిక్కిపడేది. తలుపు తడితే ఎవరని రెండుసార్లు అడిగేది. అన్నం కలిపి అలాగే కూర్చునేది. పట్టుబడతానని కాదు, పట్టుకునేవాళ్లెవరూ లేరని ఆమె భయం. ఆ దారిన ఎవరూ నడవరు. వచ్చే వానలకు ఆ చార చెదిరిపోతుంది. నోరు మూసుకుంటే చాలు, సమావేశంలో ఆమె మాట నెగ్గుతుంది.

ఒక సాయంత్రం దుకాణంలో బేరాలు లేని వేళ ఆమె భర్తకు అంతా చెప్పింది. నేనూ అక్కడే పాత పేపరు చదువుతూ కూర్చున్నాను. నన్ను పంపించేయాలని వాళ్లకు తోచలేదు. ఆయన అద్దం తుడుస్తూ విన్నాడు. తర్వాత గోడమీది అక్షరాల బోర్డు వైపు చూశాడు.

"దీన్ని నేనెందుకు మారుస్తుంటానో తెలుసా? పాత ఖాతాదారులు అక్షరాలు చూసి చదవరు. పోయినసారి గుర్తున్నవి అప్పజెప్పేస్తారు. అబద్ధమాడాలని కాదు పాపం. చూస్తున్నామనే అనుకుంటారు."

"నన్ను ఓదారుస్తున్నారా, తిడుతున్నారా?"

"నాకే తెలీడం లేదు. అయితే ఇప్పుడు చెబితే ఏమవుతుంది?"

"విషం చల్లుతారు."

ఆయన తుడుస్తున్న అద్దాన్ని పెట్టెలో పెట్టేశాడు.

మర్నాడు ఆమె మాస్టారి ఇంటికి వెళ్లింది. అక్కడ జరిగింది తర్వాత ఆమె నాకు మాట మాటా చెప్పింది. కిటికీ పక్క మంచం, కాళ్ల మీద దుప్పటి, చేతికందే దూరంలో భూతద్దం. ఆమె కూర్చోకుండానే, మూతకు మనం వాడే మట్టి గురించి ఒక మాట చెప్పాలి మాస్టారూ అంది. ఏటి ఒడ్డుది, ఏం, అన్నాడాయన. చెప్పింది. ఆయన అడ్డు రాలేదు. విని, ప్రశ్నలు వేశాడు. చార వెడల్పెంత? మట్టి రంగు ఎండలో చూశావా, నీడలోనా? అటు చివర నేల ఇలాంటిదేనా? అవి కొట్టిపారేయడానికి వేసిన ప్రశ్నలు కావు. ఆమెకు ఆయనే నేర్పిన ప్రశ్నలు. ఒక్కొక్కదానికి ఆమె జవాబు చెబుతుంటే గదిలో ఒక్కొక్క తలుపూ మూసుకుపోతున్నట్టు ఉందట. చివరికి ఆయన దగ్గర ప్రశ్నలు అయిపోయాయి. దుప్పటి మీద ఆయన చెయ్యి తనకు తెలియకుండానే రెండుసార్లు తట్టింది.

"ఎవరికైనా చెప్పావా?"

"మా ఆయనకి."

"ఆయన సరే. మనవాళ్లకి?"

"లేదు మాస్టారూ."

"అయితే ఆగమ్మా. నా పేరు మట్టిలో కలిసిపోనీ, నాకేం పర్వాలేదు. ముందు వాటి ప్రాణాలు నిలబడనీ. నిజం ఎక్కడికీ పారిపోదు, వచ్చే ఏడు తీరిగ్గా చెప్పుకోవచ్చు. చచ్చిన ఎలుకని వచ్చే ఏడు లేపలేం కదా."

ఆయన పిరికివాడై అన్న మాట కాదది. అందులో న్యాయం ఉంది. నేనైతే ఆ మాట పట్టుకుని హాయిగా ఇంటికొచ్చేసేవాణ్ణి. ఆమె కూడా గుమ్మం దాకా వచ్చిందట. వచ్చి వెనక్కి తిరిగింది.

"వచ్చే ఏడు నాకు ఈ భయం ఇలాగే ఉంటుందా మాస్టారూ? అలవాటైపోదూ?"

ఆయన భూతద్దం చేతిలోకి తీసుకుని కిటికీ అవతల దేన్నో చూస్తున్నట్టు కూర్చున్నాడు.

సమావేశం గది గురించి ఆమె చెప్పిన వివరాలను బట్టి, అలాంటి గదుల్లో నేనూ కొన్ని దేశాల్లో అనుమతి కాగితాల కోసం కూర్చున్నానని తెలిసింది. పొడుగాటి బల్ల, పైన గాజు పలక, దాని కింద ఎప్పటివో కేలండర్లు. పశుగ్రాస శాఖ అధికారి చెడ్డవాడేమీ కాదు. పశువుల వాళ్ల మొర రోజూ వినే మనిషి. మాస్టారి ఆరోగ్యం అడిగి, మీ మాట మాకు వేదం మేడం, మామూలుగా ఒక నాలుగు ముక్కలు చెప్పేస్తే రాసుకుంటాం అన్నాడు. అంటే పని అయిపోయినట్టే. ఆమె నీళ్లు తాగింది. తర్వాత మూతమట్టి గురించి చెప్పడం మొదలుపెట్టింది.

అధికారికి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అయ్యాక ఆయన కలం కింద పెట్టాడు.

"అంటే ఎలుకలకీ ఆ మొక్కకీ సంబంధం లేదంటారు."

"లేదనడం లేదండీ. తెలీదంటున్నాను."

ఆయన పక్కనున్న గుమాస్తాకు తల ఊపాడు. "అభ్యంతరం లేదని రాసుకో."

"నేనలా అనలేదండీ."

"మేడం, ఈ కాగితంలో రెండే గళ్లున్నాయి. అభ్యంతరం ఉంది, అభ్యంతరం లేదు. తెలీదు అన్నదానికి గడి లేదు."

ఇంత చిన్న మాట దగ్గర ప్రాణాలు పోతాయని ఆమె ఊహించలేదు. ఆమె లోకంలో తెలీదు అంటే పని మొదలైందని అర్థం. ఆయన లోకంలో పని అయిపోయిందని. బల్ల పట్టుకుని లేచి నిలబడిందట. చల్లక తప్పదంటే సగం మైదానంలోనే చల్లండి అంది. చల్లిన వైపూ, చల్లని వైపూ ఏటిమట్టి నేను బొరియల నోట్లో కాకుండా దిబ్బల పైన ఒకే రకంగా వేస్తాను. వచ్చే వానలకు ఎలుకలున్న వైపు నీలితీగ ఎక్కువ మొలిచి నిలిస్తే, వాటి అవసరం ఉన్నట్టే, మిగతావాటి జోలికి వెళ్లకండి. రెండు వైపులా ఒకేలా మొలిస్తే మా మూడు తరాల మాట తప్పు. అప్పుడు మీ ఇష్టం.

అధికారి ఆలోచించాడు. సగం గింజలు మిగులుతాయి, పశువుల వాళ్లకు పని జరిగినట్టూ కనిపిస్తుంది. పటం తెప్పించి బల్లమీద పరిచి, గీత మీరే గీయండి అన్నాడు. ఆమె మైదానాన్ని నిలువునా తూర్పు, పడమరలుగా చీల్చింది. తూర్పున తాతగారి కాలంనాటి దిబ్బలున్నాయి. ఆమె చదువుకునే రోజులనుంచీ కూర్చునే రాళ్లగుట్ట ఉంది. అక్కడి ఎలుకల తల్లులూ, ఆ తల్లుల తల్లులూ ఆమెకు తెలుసు. పడమరవైపువి పరాయివి.

ఆ సంగతి ఆయన పసిగట్టాడు. దయగానే అన్నాడు. "మీకు ఏ వైపు కావాలో చెప్పండి మేడం. అది వదిలేస్తాం."

ఆమె నోరు తెరిచింది. తూర్పు అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. అప్పుడామెకు బస్తా ఈడ్చుకుంటూ నడిచిన తన చేతులు గుర్తొచ్చాయట. తను మనసుపడి ఎంచుకున్న వైపు గడ్డి బాగుంటుంది, నేల బాగుంటుంది. వచ్చే వానలకు అక్కడ ఏం మొలిచినా, ఎలుకల వల్లా, తన ప్రేమ వల్లా అన్నది ఎవరూ తేల్చలేరు. ఈ వంశం మళ్లీ తనకు కావలసింది తనే నాటుకుంటుంది.

"మీ దగ్గర నాణెం ఉందా అండీ?" అంది.

గుమాస్తా జేబులోంచి తీశాడు. బొమ్మ పడితే తూర్పున చల్లాలి, బొరుసు పడితే పడమర. నాణెం గాజు పలక మీద తిరిగి తిరిగి పడింది. బొమ్మ. ఆమె ముఖం చూసి అధికారి తనే తడబడ్డాడు.

"మళ్లీ వెయ్యమంటారా?"

"వద్దండీ."

బయటికొచ్చి మాస్టారికి ఫోను చేసింది. ఏ వైపు పడిందని ఆయన అడిగాడు. చెప్పింది. గీత వంకర లేకుండా గీశావా అని అడిగాడు. గీశానంది. ఆయన ఫోను పెట్టేశాడు.

చల్లే రోజు వెళ్లవద్దని భర్త నచ్చజెప్పి చూశాడు. ఆమె వినకపోతే దుకాణం మూసి తనూ బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. చలిగాలి, మసక ఎండ. నోటికి గుడ్డలు కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకున్న మనుషులు వ్యాను నుంచి సంచులు దించుతున్నారు. విషమని తెలియడానికి గింజలకు ఎర్రరంగు పట్టించారు. మనుషులను చూసి కాపలా ఎలుక ఈల వేసింది. మైదానం ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. హమ్మయ్య అని నాకు తెలియకుండానే అనుకున్నాను. తిండి నేలమీద పడి ఉంటే ఎంతసేపని లోపలుంటాయన్నది నాకు తట్టలేదు.

ఆమె రాళ్లగుట్ట దగ్గరికి రెండడుగులు వేసి ఆగిపోయింది. ఒక దిబ్బలోంచి తల బయటికొచ్చింది. ఆ పక్క దిబ్బలోంచి ఇంకొకటి. ఏళ్ల తరబడి ఆమెను చూస్తున్నవి అవి. ఆమె ఉన్నచోట ఈల ఉండదు. ఆమెను చూసి, ఏమీ లేదులే అనుకుని బయటికొస్తున్నాయి. అది ఆమెకు నాకన్నా ముందే అర్థమైంది. గబగబా వెనక్కి వచ్చి వ్యాను చాటున నక్కింది. చప్పట్లు కొట్టాలనిపిస్తోంది, కాళ్లు నేలకేసి కొట్టాలనిపిస్తోంది, నన్ను గట్టిగా పట్టుకోండి అని భర్తతో అంది. ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆ ఎలుకలు గింజను దొరికిన చోట తినవు. బుగ్గల్లో కుక్కుకుని లోపలికి, పిల్లల దగ్గరికి తీసుకెళ్తాయి. గుట్ట పక్కన ఒకటి బుగ్గలు ఉబ్బేదాకా ఎర్రగింజలు నింపుకుంది. ఒకసారి నిటారుగా లేచి ఆకాశమంతా చూసింది. పైన గద్ద లేదు. నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా బొరియలోకి దిగింది.

"ఇంక పోదాం పద" అన్నాడు భర్త.

ఆమె కదల్లేదు. వ్యాను పక్కనుంచి మెడ చాచి తూర్పు వైపంతా ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా చూస్తోంది. రాళ్లగుట్ట మూలన చల్లుతున్నవాడు అలిసిపోయాడో, ఆ జంతువుల్ని అంత దగ్గరగా చూసి మనసొప్పలేదో, నాలుగు గింజలు విదిల్చి అవతలికి వెళ్లిపోయాడు. అక్కడి దిబ్బలు దాదాపు అలాగే మిగిలాయి. నేనూ చూశాను. దేవుడున్నాడని లోపల్లోపల సంతోషించాను కూడా. కానీ అక్కడ కొన్ని మిగిలిపోతే చల్లిన వైపుకూ చల్లని వైపుకూ తేడా తెలియకుండా పోతుంది. వచ్చే వానలకు పటం మీద ఏ గుర్తుకూ అర్థం ఉండదు. ఈ సగం ఊరికే చచ్చినట్టవుతుంది, పడమటి సగానికి అడ్డు చెప్పేందుకు ఎవరి దగ్గరా ఏమీ మిగలదు.

ఆమె భర్త చేతులు విడిపించుకుని, గింజలు చల్లేవాళ్ల మేస్త్రీ దగ్గరికి నడిచింది. అతను, ఏం కావాలమ్మా అని రెండోసారి అడిగాడు.

"ఆ రాళ్ల మూల తక్కువ పడ్డాయండీ" అంది. "మిగతా చోట ఎంత వేశారో అక్కడా అంతే వెయ్యాలి."

మేస్త్రీ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, సంచీ భుజానికెత్తుకుని అటు నడిచాడు.